సరంగు గారి విమానం

(ముక్తేశ్వరం, మంగళవారం మధ్యాహ్నం. రిటైరైన పడవ సరంగు గంగబాబు కొత్తగా తెచ్చిన కంప్యూటరులో విమానం నడిపే ఆట పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన భార్య రామలక్ష్మి. ఆవిడ తమ్ముడు శ్యామ్ బాబు అమలాపురంలో తన కంప్యూటర్ల షాపు నుంచి ఫోన్లో, స్పీకరు మీద.)

“మళ్ళీ గోదాట్లో పడ్డాంరా శ్యామూ.”

“మళ్ళీనా? ఎన్నోసారక్కా ఇది?”

“నాలుగు. పొద్దున్న రెండు, అన్నం తిన్నాక రెండు. మీ బావగారు పైకి లేపడం వరకూ బానే లేపుతున్నారు. లేచేక కుడికి తిప్పమంటే ఎడమకీ, ఎడమకి తిప్పమంటే కుడికీ తిప్పి, దాన్ని పక్కకి దొర్లించి, తిన్నగా తీసుకెళ్ళి ఏట్లో పెడుతున్నారు.”

“నేను పెట్టలేదు. అదే పోయింది.”

“దానంతటది పోద్దాండీ?”

“లక్ష్మీ, నలభై ఏళ్ళు కోటిపల్లి రేవులో పడవ నడిపేను. ఒక్క మనిషిని ముంచలేదు. ఇవాళ నీ తమ్ముడు పంపిన ఈ పుల్ల పట్టుకునేసరికి నాలుగుసార్లు మునిగేనంటే తప్పు నాదంటావా, పుల్లదంటావా?”

“పుల్ల కాదు బావగారూ, జాయ్‌స్టిక్. దాన్ని ముందు సెట్ చేసుకోవాలి. ఏ బటన్ ఏం చెయ్యాలో, ఎటు తోస్తే ఎటు తిరగాలో కంప్యూటరుకి మనమే చెప్పాలి. మీరు ప్లగ్గు పెట్టీపెట్టగానే ఎగిరేరు. ఆదివారం నేనొచ్చి చేస్తానన్నాను కదా, ఆగేరా?”

“ఆదివారం దాకా ఆగితే ఇంకేముందిరా. గురువారం విమానం. శుక్రవారం పొద్దున్న ఢిల్లీలో మరియమ్మ రిటైర్మెంటు ఫంక్షను. దాన్ని చూసి ముప్పై ఒక్క సంవత్సరాలైంది. టెన్త్ దాకా ఒకే బెంచీ మాది. అంత పెద్దాసుపత్రిలో హెడ్ నర్సయ్యుండి, నువ్వు రాకపోతే నేను దండ వేయించుకోనే అని ఫోన్లో ఏడ్చి, ఇద్దరికీ విమానం టికెట్లు తనే పంపింది. ఈయనేమో…”

“నేను రానన్నానా?”

“రానన్లేదండి. రేపు చెప్తానన్నారు. పది రోజుల్నించీ ఆ రేపు రాలేదు.”

“శ్యామూ, నా పద్ధతి నీకు తెలుసు కదా. ఇంకోడు నడిపేదాంట్లో నేను కూర్చోలేను.”

“తెలీకేం బావా. రావులపాలెం బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనకాల రాడ్డు పట్టుకుని నించుంటారు. మలుపొచ్చినప్పుడల్లా మెల్లగా, మెల్లగా అంటారు. ఆ డ్రైవరోసారి బస్సాపి మీకు దణ్ణం పెట్టేడంట కదా.”

“గౌరవంతో పెట్టేడు.”

“ఆయ్, గౌరవమేలెండి.”

“నీ ఎటకారానికేం గానీ, విమానంలో అలా నించోనివ్వరంట. అడిగేను.”

“ఎవర్నడిగేరండీ? నాకు చెప్పలేదే.”

“టికెట్టు మీద నెంబరుంటే చేసేను. ఎవరో అమ్మాయి ఎత్తింది. పైలట్ గారి వెనకాల నించోవచ్చామ్మా అన్నాను. చాలాసేపు నవ్వి, ఇంకో అమ్మాయికిచ్చింది. ఆవిడా నవ్వింది.”

“చూసేవా తమ్ముడూ. అందుకే ఈ షరతు. ఆ ముందు కూర్చున్నవాడు ఏం చేస్తాడో నాకు తెలియాలి, నా చేత్తో ఒక్కసారి క్షేమంగా దింపితే ఎక్కుతాను, లేకపోతే టికెట్లు తిరిగి పంపెయ్ అన్నారు. దింపించరా బాబూ. నీకు పుణ్యముంటుంది. ఇవాళ దింపితే రేపు బట్టలు సర్దుకుంటాను.”

“సరే, మౌసు నువ్వు పట్టుకో అక్కా, స్టిక్కు బావగారు పట్టుకుంటారు. సెట్టింగ్స్‌లోకెళ్ళి కంట్రోల్స్ నొక్కు. జాయ్‌స్టిక్ బొమ్మొచ్చిందా?”

“వచ్చింది.”

“దాని కింద క్యాలిబ్రేట్ అని ఉంటది. నొక్కు. ఇప్పుడు బావగారూ, స్టిక్కుని చివరిదాకా వంచి గుండ్రంగా మూడుసార్లు తిప్పండి. తిరగలి తిప్పినట్టు. అది ఎంతదూరం వెళ్తుందో కంప్యూటరు కొలుచుకుంటుంది.”

“తిప్పేను.”

“ఇప్పుడు రెండోవైపు మూడుసార్లు.”

“రెండోవైపు తిప్పను.”

“ఎందుకు బావా?”

“అప్రదక్షిణం అవుద్ది.”

“అది గుడి కాదు బావగారూ.”

“పైకెళ్ళేముందు ఏది గుడో ఏది కాదో మనకేం తెలుసురా.”

“నేను తిప్పేస్తాను, ఇలా ఇవ్వండి. ఆ… తిప్పేను తమ్ముడూ. ఇందులో డెడ్ జోన్ ఎంత అని అడుగుతోంది. డెడ్డేంట్రా?”

“ఏం లేదక్కా. చెయ్యి కొంచెం వణికినా విమానం కదలకుండా మధ్యలో కాస్త జాగా వదులుతాం. ఐదు పెట్టు.”

“ఆ మాత్రందానికి అలాంటి పేరెందుకు పెట్టేరో. పెట్టేను. ఇప్పుడు బటన్లొచ్చేయి. పన్నెండు.”

“ఒకటో నెంబరు, చూపుడువేలి కింద ఉంది చూడండి బావా. అది…”

“హారనుకి పెట్టు.”

“విమానానికి హారనుండదు.”

“ఉండదేంటి? హారను కొట్టకుండా రేవులోంచి ఎలా తీస్తాడు? ఎదురుగా ఇంకోటి వస్తే?”

“ఎదురు రావు బావా.”

“అన్నీ ఒకేవైపు వెళ్తాయా? తిరిగి రావా?”

“వస్తాయి, కానీ వాటి ఎత్తు వేరు, దారి వేరు. కిందనుంచి ఒకాయన చెప్తూ ఉంటాడు. ఒకటో బటను బ్రేకులకి పెట్టుకుందాం.”

“రెండోది లంగరుకి పెట్టు. అది కూడా లేదనకు.”

“ఉంది. పార్కింగ్ బ్రేకంటారు దాన్ని.”

“చూసేవా లక్ష్మీ. లంగరుందంట. కొంచెం జ్ఞానం ఉన్నవాళ్ళే చేసేరు.”

“శ్యామూ, ఈ జాబితాలో ఇంజను మంటలార్పేది ఒకటి, ఇంజను మంటలార్పేది రెండు అని ఉన్నాయి. రెండెందుకురా?”

“రెండు ఇంజన్లు కదక్కా.”

“రెండూ అంటుకుంటాయా?”

“అంటుకోవక్కా. ఊరికే ఉంటాయి.”

“ఊరికే ఎవరు పెడతార్రా?”

“అది వదిలేసి కిందకెళ్ళు. గేరు అని ఉందా? అంటే చక్రాలు. లేచేక లోపలికి మడిచేసుకుంటుంది. దిగేముందు మళ్ళీ దింపాలి. మూడో బటను దానికి.”

“దింపడం మర్చిపోతే?”

“మర్చిపోరక్కా.”

“మీ బావగారు రోజూ స్నానానికెళ్ళి తువ్వాలు మర్చిపోతారు.”

“నేను పైలట్నా?”

“ఆ పైలట్ మాత్రం ఎవరో ఒకావిడకి మొగుడు కాడేంటండీ.”

“అక్కా, నాలుగోది ఫ్లాప్స్. రెక్కల వెనకాల రేకులు, దిగేటప్పుడు వేగం తగ్గడానికి. మిగతావి ఇప్పుడొద్దు. సేవ్ నొక్కు. బావగారూ, రాజమండ్రి ఎయిర్‌పోర్టులో ఉన్నారు, ముందు తిన్నగా రన్‌వే ఉంది. లంగరు తీసి బయల్దేరండి.”

“ఆగు. ఎంతమందెక్కేరు?”

“ఎవరూ ఎక్కరు బావా. అది ఖాళీ విమానం.”

“ఖాళీగా తియ్యకూడదు. లక్ష్మీ, అటుపక్క ఎవరైనా పరిగెట్టుకొస్తున్నారేమో చూడు. మనం తీసేకే వస్తారు, పెళ్ళికనో ఆసుపత్రికనో.”

“గడ్డి తప్ప ఏం లేదండీ. కదలండి.”

“సరే. జై గంగమ్మ తల్లీ.”

“ఇంజను పెంచండి. ఇంకా. వేగం వచ్చింది, ఇప్పుడు స్టిక్కు మీవైపు లాక్కోండి మెల్లగా. లేచిందా అక్కా?”

“లేచింది. చక్రాలు మడిచేరు. తిన్నగా వెళ్తోంది.”

“అదీ. ఇప్పుడు కొంచెం ఎడమకి తిరిగి వెనక్కి రావాలి. ఎడమకి బావా.”

“ఎడమకే తిప్పుతున్నాను.”

“కుడికెళ్తోందండీ.”

“తెలుసు. అందుకే ఇంకా తిప్పుతున్నాను.”

“ఇంకా కుడికి ఒరిగిపోతోందండీ. ఇల్లూ వాకిలీ తలకిందులైపోయేయి. అయ్యో, అదిగో వంతెన, అదిగో…”

“అక్కా? అక్కా, ఏమైంది?”

“ఐదు.”

“బావగారూ, ఒక్క మాటడుగుతాను, కోప్పడకండి. ఎడమకి తిరగాలంటే మీరు స్టిక్కు ఎటు తోస్తున్నారు?”

“కుడికి.”

“కుడికెందుకు?”

“ఇదేం ప్రశ్నరా? చుక్కాని కర్ర కుడికి తోస్తే పడవ ముక్కు ఎడమకి తిరుగుద్ది. ఎడమకి తోస్తే కుడికి తిరుగుద్ది. మా రేవులో బడికెళ్ళని వాడికి కూడా తెలుసు.”

“అది చుక్కాని కాదు బావా. విమానంలో ఎటు తోస్తే అటే తిరుగుద్ది.”

“ఎటు తోస్తే అటా?”

“ఆయ్.”

“ఎవడు చెప్పేడు వాళ్ళకి అలా చెయ్యమని?”

“శ్యామూ, ఇప్పుడర్థమైందిరా నాకు. పెళ్ళైన కొత్తలో నాన్న స్కూటరు కొనిచ్చేరు కదా, ఈయన పలివెల తీర్థానికని నన్నెక్కించుకుని మలుపు తిరగమంటే తిరక్కుండా పంటకాలవలోకి తీసుకెళ్ళేరు. రోడ్డు సరిగా వెయ్యలేదన్నారు. మళ్ళీ ఆ స్కూటరు ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు నేను రోడ్డునే తిట్టుకున్నాను.”

“రోడ్డు కూడా బాలేదు లక్ష్మీ.”

“బావగారూ, ఈసారి గుర్తు పెట్టుకుని నడపండి. ఎటు వెళ్ళాలో చెయ్యి అటు. నోటితో అనుకుంటూ తొయ్యండి.”

“సరే. అటే అటు. అటే అటు. లేచింది. చక్రాలు మడిచేను. ఇప్పుడు ఎడమకి. అటే అటు. అటే…”

“బానే తిరుగుతోంది తమ్ముడూ. ఇంకొంచెం. ఏమండీ, గాలికి కాస్త ఒరిగినట్టుంది, సరిచెయ్యండి.”

“అటే అ… అయ్య బాబోయ్.”

“ఏమైందక్కా?”

“ఆరు. ఈయన నోరు అటే అంటోంది, చెయ్యి ఇటే పోయింది.”

“చెయ్యి వినట్లేదురా శ్యామూ. తీరిగ్గా ఉన్నప్పుడు వింటోంది. తొందరొచ్చిందంటే నన్నడక్కుండా పాత దారికే పోతోంది. నలభై ఏళ్ళు దానికి నేను నేర్పిందే కదా. ఇంక నావల్ల కాదు లక్ష్మీ. మరియమ్మకి ఫోన్ చేసి చెప్పెయ్.”

“ఏం చెప్పమంటారు? మా ఆయన చెయ్యి వినలేదు, అందుకని నిన్ను చూడ్డానికి రాలేదని చెప్పనా? చిన్నప్పుడు నాకు జొరమొస్తే వర్షంలో రెండు మైళ్ళు నడిచొచ్చి బార్లీ నీళ్ళు కాచిచ్చిందండీ అది. ఒక్కసారి చూడాలని ఉందండీ నాకు. ఇంకేం అడిగేను మిమ్మల్ని?”

“ఏడవకు. ఏయ్. శ్యామూ, నువ్వైనా చెప్పరా.”

“మనిషిని తిప్పలేం గానీ బావా, పుల్లని తిప్పచ్చు.”

“అంటే?”

“అక్కా, కళ్ళు తుడుచుకుని మౌసు పట్టుకో. మళ్ళీ కంట్రోల్స్‌లోకెళ్ళు. ఎయిలెరాన్ అని ఉంటది, అంటే కుడీ ఎడమా. దాని పక్కన రివర్స్ అని చిన్న గడి ఉందా?”

“ఉంది.”

“టిక్కు పెట్టు. దాని కింద ఎలివేటర్ అని ఉంటది, అది పైకీ కిందకీ. దాన్ని ముట్టుకోకు. సేవ్ నొక్కు. బావగారూ, ఇప్పుడది చుక్కాని. మీ చెయ్యి ఏం చెప్తే అదే చెయ్యండి.”

“నిజంగానా?”

“కోటిపల్లి రేవులో ఉన్నట్టే.”

“జై గంగమ్మ తల్లీ. ఇంజను పెంచేను. లేచింది. చక్రాలు మడిచేను. కర్ర కుడికి… తస్సాదియ్యా, ముక్కు ఎడమకి తిరిగింది. ఎంత బాగా తిరిగిందో చూసేవా లక్ష్మీ?”

“చూస్తున్నానండీ. ఊపకండి మరీ.”

“ఊపడం లేదు, అలవాటు పడుతున్నాను. అదిగో ధవళేశ్వరం. అదిగో మన గోదారి. పైనించి ఇలా ఉంటుందా ఇది. ఇన్నాళ్ళూ దాని మీదే ఉన్నాను గానీ ఇంత పొడుగుందని అనుకోలేదు.”

“బావా, చూసింది చాలు, వెనక్కి తిరిగి రన్‌వేకి ఎదురుగా రండి. ఇంజను తగ్గించండి. అక్కా, వేగం ఎంతుందో చదువు.”

“నూట అరవై. నూట యాభై. నూట ముప్పై. తమ్ముడూ, ఎవరో లోపల్నించి అరుస్తున్నాడురా. స్టాల్, స్టాల్ అంటున్నాడు.”

“విమానమేనక్కా. వేగం తగ్గిపోయింది, ఇంక నేను గాల్లో నిలవలేనని చెప్తుంది.”

“చెప్పి?”

“చెప్పి పడిపోద్ది. బావా, ఇంజను కొంచెం పెంచండి. ఆగిందా అరుపు?”

“ఆగింది. నువ్వు కంగారు పెట్టకు. ఒడ్డు కనపడుతోంది. చక్రాలు దింపేను. రేకులు దింపేను. ఒడ్డు ఇంక వంద గజాలుందనగా ఇంజను పూర్తిగా తగ్గించెయ్యాలి. మిగతాది నీళ్ళు చూసుకుంటాయి. మనం ముక్కు కాస్త ఎత్తి పట్టుకుని ఊరుకోవడమే. తగిలినట్టు తగలకూడదు. ముసలాళ్ళుంటారు, గర్భిణీ స్త్రీలుంటారు. మెల్లగా… మెల్లగా…”

“అక్కా, మాట్లాడు. ఏడా?”

“దిగేరురా.”

“దిగేరా? నిజంగా?”

“గడ్డిలోకి కూడా పోలేదు. మధ్య గీత మీద ఆగేరు. లంగరు కూడా వేసేరు.”

“బావగారూ, ఇంజను తగ్గించి ముక్కెత్తి దింపడం నేర్చుకోడానికి జనానికి నెలలు పడుద్ది. మీరెలా చేసేరు?”

“ఇందులో నేర్చుకోడానికేముందిరా. రేవు రేవే. లక్ష్మీ, అటకమీంచి పెద్ద పెట్టె దింపు. గురువారం కిటికీ పక్క సీటు నాది, ముందే చెప్తున్నాను. నా తెల్ల చొక్కా ఇస్త్రీకివ్వు. మరియమ్మకి ఫోన్ చేసి చెప్పు, గంగబాబు వస్తున్నాడని. ఇంకో మాట. ఎక్కగానే ఆ పైలట్ని ఓసారి కలిసి మాట్లాడతాను. బాబూ, నీ పుల్ల వెనక్కి తిప్పించుకో, చేతికి బాగా వస్తుందని చెప్తాను. పాపం, ఎవరూ చెప్పినట్టు లేదు.”

“చెప్పకండి బావగారూ. దింపేస్తారు.”

“దింపడమే కదరా కావాల్సింది. ఏం లక్ష్మీ? పొద్దున్నించీ దింపండి దింపండి అన్నావు. దింపేనుగా. సంతోషమేనా?”

“సంతోషమేనండి.”

“మరి అలా ఉన్నావేం? రా, నువ్వూ ఓసారి పట్టుకో.”

“నాకెందుకండీ.”

“పట్టుకో, ఫరవాలేదు. ఇదిగో, గాల్లోకి నేనే లేపి ఇస్తాను. లేచింది. ఊ, ఇప్పుడు నువ్వు పట్టుకో. ఊరికే పట్టుకుని ఉండు, అంతే.”

“ఉన్నానండీ. ఇది అటు జారుతోంది.”

“ఇటు తొయ్.”

“తోసేను. ఇంకా జారుతోంది.”

“అటు తొయ్యి మరి. అంత కాదు, కొంచెం. లక్ష్మీ, కొంచెం అన్నాను. లాగు. లాగవే.”

“లాగుతున్నానండీ. మళ్ళీ అరుస్తున్నాడు వాడు. ఏమండీ, ఆపండి. దీన్ని ఆపండి.”

“అక్కా? ఏమైందక్కా?”

“ఏం లేదురా. మీ అక్క కొబ్బరితోటలో దింపింది. అలవాటు లేక.”

“అక్కా, అది బావగారి చేతికి తిరగేసి పెట్టేం కదా, నీకు రాదు. టిక్కు తీసేస్తే నీకూ వస్తుంది.”

“తిరగేసి ఉందని నాకు తెలుసురా, టిక్కు పెట్టింది నేనేగా. తెలిసి కూడా అంత పనైంది. శ్యామూ, నిజం చెప్పు. అసలు విమానంలో కూడా ఇంతేనా? చిటికెనవేలంత కదిపితే అంతంత ఒరిగిపోద్దా?”

“వాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళక్కా. ఏళ్ళ తరబడి ట్రైనింగుంటుంది. పక్కన రెండో పైలటుంటాడు.”

“మీ బావగారు నలభై ఏళ్ళు నడిపిన మనిషి. నేను పక్కనే ఉన్నాను. ఆరుసార్లు ముంచి ఏడోసారి దింపేరు. నేను ఇన్నాళ్ళూ విమానమంటే బస్సులాంటిదే, కాస్త పైనుంటుందంతే అనుకున్నానురా. నిప్పంటుకుంటే ఆర్పేది ఒకటి కాదు, రెండు. పడిపోయేముందు అరవడానికో మనిషి. ఇవన్నీ తెలిసేక… నాకు భయంగా ఉంది.”

“భయమెందుకే? పక్క సీట్లో నేనుంటానుగా.”

“అదొకటుందండీ మళ్ళీ.”

“అదేంటి లక్ష్మీ? నీకోసమే కదా నేను ఇంత నేర్చుకున్నాను. నాకిప్పుడు ఎప్పుడెప్పుడు ఎక్కుదామా అని ఉంది. పెట్టె దింపమంటావా, లేదా?”

“దింపండి. మరియమ్మని చూడకుండా నేను ఉండలేను. గురువారం దాకా అక్కర్లేదు, ఇప్పుడే సర్దేస్తాను. తమ్ముడూ, ఉన్నావా లైన్లో?”

“ఉన్నానక్కా, చెప్పు.”

“ఇవాళ రాజమండ్రిలో ఢిల్లీ రైలు ఎన్నింటికో చూడరా.”